వనభోజనమా, బందరు యాత్రయా?

ప్రతి కార్తికమునను మన గ్రామములలో వనభోజనముల సందడి కలుగుచునే యున్నది. ట్రాక్టరో, వ్యానో కట్టించుకొని యేదో యొక తోటకు పోయి, ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేసి, ప్రొద్దుగ్రుంకునప్పటికి ఇల్లు చేరుట వాడుక. ఇందు మేము తప్పెంచుట లేదు. సంవత్సరమంతయు పొలముతో పెనగులాడువాడు ఒక్కదినము హాయిగా గడపవలదా? కాని ఆ యొక్క దినమును, ఆ కొలది వ్యయమును మఱింత ప్రయోజనకరముగా వినియోగించుకొనవచ్చునని మా యభిప్రాయము. రాబోవు మహాజనసభలో ఈ విషయము చర్చకు రావలెనని కోరుచు, మా పక్షమున చెప్పదగినది సభ్యమహాశయుల యెదుట ఉంచుచున్నాము.

ఐరోపాఖండపు పడమటి కొసను పోర్చుగల్ దేశము గలదు. మన పూర్వులు బుడతకీచులని పిలిచినది ఆ దేశపు వారినే. రాజధానియగు లిస్బన్‌కు తూర్పున సుమారు 130 కిలోమీటర్ల దూరమున ఎవొరా యను ప్రాచీననగరమున్నది. రోమనుల కాలపు దేవాలయస్తంభములు నేటికిని ఆ యూరి నడుమ నిలిచియున్నవి. 1986లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చిరి. ఊరు దాటినచో ద్రాక్షతోటలు. లిస్బన్‌నుండి ఉదయమున బయలుదేఱిన యాత్రికులు ఆ నగరమును చూచి, దారిలో ఒకటి రెండు ద్రాక్షసారా శాలలు దర్శించి, రాత్రికి తిరిగి చేరుదురు. మనిషి యెత్తు మట్టిబానలలో ద్రాక్షరసమును పులియబెట్టు రోమనుల నాటి పద్ధతిని అచ్చట నేటికిని విడువలేదు. నవంబరు 11వ తేదీన, సెయింట్ మార్టిన్ పండుగనాడు, ఆ బానలను తెఱచుట ఆచారము.

మేము మద్యమును మెచ్చుటకు ఇది వ్రాయుట లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఏల తిరుగబడిరో ఎఱిగినవారెవరును అట్టి పని చేయరు. మేము మెచ్చునది వేఱొకటి. ఎవొరాకు అనతిదూరమున బోర్బా యను చిన్నయూరు గలదు. అచ్చటి ద్రాక్షరైతులు 1955లో సహకారసంఘముగా నేర్పడిరి. ఇట్టి సంఘములలో రైతు తెచ్చిన పండును తూచి, అందలి తీపి పాలెంతో కొలిచి, ఆ కొలతనుబట్టి వెల కట్టుదురు. రసము తీయుట, పులియబెట్టుట, సీసాలకెత్తుట, అమ్ముట సంఘము వంతు. సీసాపై ఊరి పేరుండును. దూరదేశపు యాత్రికుడు ఆ సంఘపు వాకిట నిలిచి, సరకెట్లు తయారగునో చూచి, డబ్బిచ్చి కొనిపోవును. పంట చేతులు మాఱుట అచ్చట చాల ఆలస్యముగా జరుగును. మనకో, లారీ యెక్కించుటతోడనే ఆ పంటతో మన సంబంధము తీఱిపోవుచున్నది.

మన సంగతి చూడుడు. ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి యున్నది. పొలములలో ప్రత్తియు మిరపయు పక్కపక్కనే పండుచున్నవి. వీనిలో ప్రత్తి ఈ దేశమున ప్రాచీనకాలమునుండి పండుచున్నదే. మిరప యట్టిది కాదు. అది అమెరికాఖండమున పుట్టి, పదునాఱవ శతాబ్దమున బుడతకీచుల యోడలలో భారతదేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలకు కారము మిరియమే. మిరియమువలె కారముగల కాయ కావున మిరపకాయ యైనది. యార్డులో ప్రతిదినము వినవచ్చు ‘వేలము’ అను మాటయు పోర్చుగీసు భాషనుండియే వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. కాయయు వారిదే, అమ్ము పద్ధతికి పేరును వారిదే యన్నమాట! ఇంతటి సంబంధముండియు, ఆ కాయ యార్డు గుమ్మము దాటిన పిదప ఏమగుచున్నదో కన్నులార చూచినవారు మనలో ఎందఱు?

ఎండుమిరప పొడియగును. ద్రావకములతో దాని రంగును, కారమును వేఱుచేసి చిక్కని తైలముగా తీయుదురు. ఆ తైలమును తినుబండారములు చేయు కంపెనీలు కొనును. అచ్చట రంగునకొక కొలత, కారమునకొక కొలత. యార్డులో కాయ చేతబట్టి, విఱిచి, కంటితో చూచి చెప్పు ధరకును, ప్రయోగశాల చెప్పు లెక్కకును సంబంధము మనకు తెలియదు. తెలియనివాడు బేరమాడలేడు. తడి సరిగా ఆఱని కాయలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది హద్దు మీఱిన సరకును విదేశములవారు త్రిప్పిపంపుదురు. పురుగుమందుల అవశేషముల సంగతియు ఇట్టిదే. పట్టాలు పఱచి ఆఱబెట్టుడని అధికారులు ఎన్ని మాఱులు చెప్పినను చెవికెక్కని మాట, ఆ పరీక్షను ఒక్కసారి చూచినచో ఎక్కునని మా నమ్మకము. గుంటూరులో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రయోగశాల కలదు. ఎడ్లపాడు మండలము వంకాయలపాడులో వారిదే సుగంధద్రవ్యముల పార్కు కలదు. రెండును మనకు దూరము కావు.

బందరు ఏల యందురేని, మన ఎవొరా అదియే. పదునాఱవ శతాబ్దమున బుడతకీచు వర్తకులు ఆ రేవునకు వచ్చిపోవుచుండిరి. 1605లో వలందులు, 1611లో ఇంగ్లీషువారు అచ్చట దిగిరి. ఇంగ్లీషువారి యోడ బందరునకు ముందు ఆగినది మన వైపున నున్న నిజాంపట్టణమున. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యను పేరులు బందరులో ఇప్పటికిని నిలిచియున్నవి. వలందుల గోరీలున్నవి, పాతకోట యున్నది. వీరందఱును ఇంత దూరము వచ్చినది దేనికొఱకు? మన నూలుగుడ్డ కొఱకు. కృష్ణాతీరపు చిరివేరుతో వేసిన ఎఱ్ఱరంగు ఉతికినకొలది వన్నెకెక్కెడిదట. ఆ అద్దకపు గుడ్డలకు ఐరోపాజనులెంత మోజుపడిరనగా, తమ నేతగాండ్రు చెడిపోవుదురని ఫ్రాన్సు రాజ్యము 1686లో వానిని నిషేధించినది. ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, 1721లోను చట్టములు చేసినది. ప్రత్తి పండించువాడు ఇది తెలిసికొనవలదా?

ఆ విద్య బందరు ప్రక్కనున్న పెడనలో బ్రదికియున్నది. గుడ్డను కరక్కాయ కషాయములో ముంచుట, ఇనుపతుక్కును బెల్లమును నాననిచ్చి నలుపు తీయుట, పటికతో అచ్చు వేసి ఉడికించినపుడు ఎఱుపు తేలుట, ఇవి వ్రాసి తెలుపదగినవి కావు, నిలుచుండి చూడవలసినవి. కొయ్య అచ్చులు చెక్కువారి పనిని పిల్లలకు తప్పక చూపవలెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమంది ప్రాణములు గొన్న పట్టణమును ఇదే. రేవు పూడి, వర్తకము మదరాసుకు పోయి, బందరు చిక్కిపోయినది. 2023లో మంగినపూడి వద్ద నూతన రేవునకు పనులు మొదలైనవి.

ఇక ఆక్షేపణలు. సంఘపు సొమ్ము షికార్లకా యని కొందఱందురు. సభ్యులకు విద్య గఱపుట సహకారోద్యమపు మూలసూత్రములలో నొకటి. 1844లో రాచ్‌డేల్ నేతగాండ్రు వేసిన బాట అది. పొలము విడిచి పోవుట కుదరదని మఱికొందఱందురు. వనభోజనమునకు కుదురుచునే యున్నది గదా! ధర లేనపుడు ఈ చూపు లెందులకను మాట మాత్రము త్రోసివేయదగినది కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయలు జోక్యపు ధరగా ప్రకటింపవలసివచ్చినది. ఒక్క యాత్రతో ధర పెరుగదు. అయినను పొడిమర పెట్టవలెనా, ఆఱబెట్టు కళ్లము కట్టవలెనా, శీతలగిడ్డంగిలో సంఘము పేర సరకు నిలుపవలెనా యని సభలో చేతులెత్తవలసినది మనమే. చూడనిదానికి చేయెత్తుట యెట్లు?

తెల్లవాఱుజామున బయలుదేఱి, ఎడ్లపాడు చూచుకొని, గుంటూరు, విజయవాడల మీదుగా పెడన చేరవచ్చును. భోజనము అచ్చటనే. సాయంకాలము బందరు. ప్రయోగశాలకు పోవలెనన్నచో ఎడ్లపాడు వదలుకొనవలెను. రెండును ఒకే దినమున సాగవు. శాలలవారికి కార్యదర్శిగారు ముందుగా జాబు వ్రాసి అనుమతి పొందుట అవసరము. కాయ కోయునదియు, తొడిమ తీయునదియు ఎక్కువగా స్త్రీలే గనుక బండిలో సగము చోటు వారికుండవలెను. వ్రాతకోతలు నేర్చిన పిల్లలిద్దఱు వెంటనుండి, అడిగిన ప్రశ్నలును వచ్చిన జవాబులును వ్రాసికొని వచ్చినయెడల వానిని ఈ పత్రికలో ప్రకటింతుము. వెలగట్టు కొలతలను గూర్చిన ప్రశ్నలు సభ్యులు ఇప్పటినుండియే సంఘ కార్యాలయమున ఇచ్చుచుండవచ్చును.