మాటల చుట్టరికం

రెండేళ్ల పిల్లకు ఆవు తెలుసు. వీధిలో గేదె కనబడినా ‘ఆవు’ అనే అంటుంది, మేక వచ్చినా అంతే. కొన్నాళ్లకు గేదె వేరుపడుతుంది. పాలు, గడ్డి, కొమ్ములు, ‘అంబా’... ఆవుకున్న చుట్టరికాల్లో చాలా భాగం దానికీ దక్కుతుంది.

మార్క్ స్టైవర్స్, జాషువా టెనెన్‌బామ్ 2005లో ప్రకటించిన నమూనా ఈ తీరునే లెక్కల్లోకి దించింది. కొత్త పదం ఉన్నట్టుండి ఊడిపడదు. పాత పదం ఒకదాని పక్కన చేరి, దాని చుట్టాల్లో కొందరిని పంచుకుంటుంది. ఎక్కువమంది చుట్టాలున్న పదం దగ్గరే చేరే అవకాశం ఎక్కువ. వాళ్లు పరిశీలించిన ఆంగ్ల పదజాలాల్లో కొద్ది మాటలకు బోలెడు బంధువులు, మిగతావాటికి కొద్దిమందే!

నాలుగేళ్లకు థామస్ హిల్స్ బృందం చిన్న మెలిక పెట్టింది. 16 నుంచి 30 నెలల పిల్లలు నేర్చే నామవాచకాలను చూస్తే, పిల్లకు అప్పటికే వచ్చిన మాటల అల్లిక కన్నా పెద్దల భాషలో ఆ పదానికున్న అల్లికే ముందు పనిచేస్తోందని తేల్చింది. పిల్లల నోట మాటలు లెక్కపెట్టుకుని మురిసే (లేదా బెంగపడే) తల్లిదండ్రులు దీన్ని గమనించాలి. ఆలస్యంగా మాటలొచ్చే పిల్లల మీద 2011లో వచ్చిన అధ్యయనంలోనూ, పదాల సంఖ్య సమానంగా చూసినా, వాటి మధ్య అల్లిక పలచగానే కనబడింది.

పదాలను బంధువర్గాలుగా చూడటం మనకు పాత విద్యే. అమరకోశం నడిచింది వర్గాల మీద. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ కూడా దేవ, మానవ, స్థావర వర్గాలంటూ అదే దారి పట్టింది. అయితే ఆ కోశాలు కావ్యాలు చదివేవాళ్లకూ రాసేవాళ్లకూ పనికొచ్చేవి. భాష కొత్తగా పట్టుబడుతున్నవాళ్ల సంగతి వేరు. థామస్ టింకమ్ 1993లో చేసిన ప్రయోగాల్లో, ఒకే వర్గానికి చెందిన కొత్త పదాలను ఒక్కసారే ఇస్తే నేర్చుకోవడం నెమ్మదించింది. ఎరుపేదో పసుపేదో తేలక తికమక పడటం ఈ బాపతే. పాత చుట్టం పక్కన ఉంటే కొత్త మాట నిలదొక్కుకుంటుంది. అన్నీ కొత్తవే అయితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఒక పేజీ నిండా రంగులు, మరో పేజీ నిండా పళ్లు పరిచే వాచకాలు మన పిల్లల చేతుల్లోనూ ఉన్నాయి, తెలుగు కొత్తగా నేర్చుకునే ప్రవాస పిల్లల చేతుల్లోనూ ఉన్నాయి. అచ్చుకు అవి అందంగానే ఉంటాయి, కాదనలేం. వాచకాలు రాసేవారికి మా మనవి ఒక్కటే: వచ్చే ముద్రణలోనైనా ఆ పళ్ల పేజీని విడగొట్టి, జామపండును చిలక కథలోకి, మామిడికాయను ఆవకాయ పెట్టే రోజులోకి పంపండి.