ఎవరి దమ్ము?

సర్దుకుపోవడం అనే మాటకి నిఘంటువులో లింగం ఉండదు గానీ వాడుకలో అది అచ్చమైన స్త్రీలింగమే. బస్సు సీటు దగ్గర సర్దుకోవాలి, పంపకాల దగ్గర సర్దుకోవాలి, పడకగదిలో సర్దుకోవాలి. వీటన్నిటి పక్కనా చాలా చిన్నగా కనిపించే ఒక సర్దుబాటు గురించి ఇప్పుడు నా పేచీ. పక్కవాడి సిగరెట్ పొగ గురించి. "దీని మీద కూడా వ్యాసమా?" అని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వినవాళ్లలో పొగ తాగనివాళ్లు ఒక్కరూ లేరు.

మా నల్లగొండ వైపు 'దమ్ము'కి రెండర్థాలున్నాయి. మగవాళ్లు బీడీ ముట్టించి లాగేది దమ్ము. మా పెద్దమ్మని ముప్పై ఏళ్లుగా పీడిస్తున్న ఉబ్బసమూ దమ్మే. ఆ దమ్ము పోవాలని ఆమె ఒకప్పుడు యాదగిరిగుట్ట మీద మండలం రోజులు ఉండి ప్రదక్షిణలు చేసింది. గుట్ట నరసింహస్వామి వైద్యుడని, అక్కడ మండలం చేస్తే రోగాలు కుదురుతాయని మా వైపు నమ్మకం. నాకా నమ్మకం లేదు. కానీ ఊపిరి కోసం ఒక మనిషి నలభై రోజులు తిరిగిందంటే ఆమెకి ఊపిరి ఎంత ఖరీదైందో మాత్రం నాకు తెలుసు.

రెండేళ్ల కిందట మా నాలుగు కుటుంబాలు కలిసి గుట్టకి వెళ్లి, మర్నాడు అటునుంచే నాగార్జునసాగర్‌కి విహారయాత్ర పెట్టుకున్నాం. పెద్దమ్మ జీవితంలో అదే మొదటి లాంచీ ప్రయాణం. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపింది, సకినాలు మూటగట్టింది. లాంచీ కదిలి పది నిమిషాలు కాకముందే పై అంతస్తులో మా చిన్నాయిన, ఇద్దరు బావలు సిగరెట్లు ముట్టించారు. పెద్దమ్మకి దగ్గు మొదలైంది. ఆర్పేయమని నేను అడిగాను.

"గాలికి కొట్టుకపోతది గాని, జర ఓర్చుకోరాదు బిడ్డా" అన్నాడు చిన్నాయిన. "పరేషానైతే కింద కూసోరాదు?" అన్నాడు పెద్ద బావ. ఈ రెండూ నేను ఊహించినవే. ఊహించనిది పెద్దమ్మ మాట. దగ్గుతూనే నా చెయ్యి పట్టుకుని, "ఊకో బిడ్డా, ఒక్కనాడొచ్చిండ్రు, తాగనీ" అంది. మేమిద్దరం కిందికి దిగి ఇంజన్ చప్పుడు పక్కన కూర్చున్నాం. పైన నవ్వులు, ఫోటోలు. నాగార్జునకొండ శాసనాల్లో మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజవంశపు స్త్రీల పేర్లున్నాయి. మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి గురించి పెద్దమ్మకి చెప్పాలని, ఆ రాళ్లు చూపించాలని నా ఆశ. లాంచీ దిగాక నాలుగు మెట్లెక్కి ఆమె కూలబడిపోయింది. మ్యూజియం మగవాళ్లు చూసొచ్చారు.

"ఒక్కనాడొచ్చిండ్రు" అన్న మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆమె కూడా ఒక్కనాడే కదా వచ్చింది! విహారం అంటే మగవాడికి ఇంటి నియమాల నుంచి సెలవు. ఆడవాళ్లకి అదే ఇల్లు, అదే వంట, అదే ఓర్పు, ఈసారి నీళ్ల మీద. పైగా అడిగిన మనిషే సరదా చెడగొట్టిన మనిషి అవుతుంది. పొగ పెట్టినవాడు కాదు.

"అలవాటు అమ్మా, ఆపుకోలేం" అనే జవాబు ఒకటుంది. నికోటిన్ వ్యసనమని నాకూ తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ముందురోజు ఇదే మగవాళ్లు గుట్ట మీద ధర్మదర్శనం క్యూలో మూడు గంటలకి పైగా నిలబడ్డారు. ఒక్కరి చేయీ జేబులోకి పోలేదు. విమానంలో ఢిల్లీ దాకా ఆపుకుంటారు. పై అధికారి గదిలో ఆపుకుంటారు. మా బావలు నలభై దాటినవాళ్లే, ఇప్పటికీ మా మామయ్య అల్లంత దూరాన కనబడితే చాలు సిగరెట్ వీపు వెనక్కి పోతుంది. దేవుడికి, అధికారికి, తండ్రికి ఆగే పొగ భార్యకీ పెద్దమ్మకీ ఎందుకు ఆగదు? ఎవరి ముందు సిగరెట్ ఆరుతుందో, ఎవరి ముందు ఆరదో ఒక కాగితం మీద రాసి చూడండి. ఆ ఇంట్లో ఎవరు మనుషుల లెక్కలోకి వస్తారో తెలిసిపోతుంది. సహనం అంటున్నాం గానీ, కాదనే వీలు ఉన్నవాళ్లు ఊరుకుంటే కదా దాన్ని సహనం అనాలి.

చట్టం లేదా అంటే ఉంది. బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని కేరళ హైకోర్టు 1999లోనే తప్పు పట్టింది. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. 2003లో చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. బస్సు, రైలు వంటి ప్రయాణ సాధనాలన్నీ ఆ నిషేధం కిందికి వస్తాయి. జరిమానా 200 రూపాయల దాకా. కానీ సొంత చిన్నాయిన మీద ఫిర్యాదు చేసే ఆడపిల్ల ఎక్కడుంది? చట్టం గడప దాకానే వస్తుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగే మగవాళ్లు నూటికి 19 మంది, ఆడవాళ్లు ఇద్దరు. ఇంట్లో ఇతరుల పొగ పీల్చే పెద్దవాళ్లు మాత్రం నూటికి 38 మందికి పైనే. తాగేవాళ్లకి మూడు రెట్లకి పైగా మింగేవాళ్లు.

ఈ మింగడం వల్ల ఏమవుతుందో లోకానికి తెలిసిన తీరు కూడా గమనించదగ్గదే. జపాన్‌లో తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త పొగ తాగని 91,540 మంది భార్యల ఆరోగ్యాన్ని పద్నాలుగేళ్లు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎన్ని ఎక్కువ సిగరెట్లు తాగితే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువని తేలింది. సిగరెట్ కంపెనీలు ఆ అధ్యయనాన్ని కొట్టిపారేయడానికి చాలా డబ్బే ఖర్చు పెట్టాయి. భర్తల అలవాటుకి లెక్కల పుస్తకం భార్యల ఒళ్లే అయింది.

"ఆడవాళ్లు తాగకూడదంటావా?" అని అడిగేవాళ్లకి ముందే చెబుతున్నాను, నాది సంప్రదాయం గొడవ కాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలి క్యాన్సర్లతో ఆ పొగ ధర వాళ్లే చెల్లిస్తున్నారు. న్యూయార్క్‌లో 1929 ఈస్టర్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటికి స్వేచ్ఛాజ్యోతులని పేరు తగిలించింది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, సిగరెట్ కంపెనీ సొమ్ముతో. స్వేచ్ఛని కూడా పాకెట్లలో అమ్మవచ్చని అతనికి తెలుసు.

నా అసలు కోపం ఇంట్లోవాళ్ల మీద కంటే మనవాళ్ల మీద. 'కన్యాశుల్కం'లో గిరీశం శిష్యరికంలో వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమేనని క్లాసులో నవ్వుతూ చెబుతాం. ఆ తర్వాత మన సాహిత్యంలో పొగ ఆలోచనకి గుర్తయింది, తిరుగుబాటుకి గుర్తయింది. ఆ గదిలో దగ్గిన మనిషి మాత్రం ఏ పేజీలోనూ నాకు దొరకలేదు. సాహిత్య సభల్లో చూడండి. వేదిక మీద పితృస్వామ్యాన్ని చీల్చి చెండాడిన కవి టీ విరామంలో మన ముఖాల మీదే పొగ వదులుతాడు. తర్వాతి సంచికకి ఎవరు రాయాలి, ఏ సంకలనంలో ఎవరుండాలి అన్న మాటలన్నీ ఆ పొగ వలయంలోనే తేలిపోతాయి. లోపలికి వెళ్తే దగ్గు, బయట ఉంటే చోటు పోతుంది. ఛాందసురాలనిపించుకోవడం ఇష్టంలేక మనలో ఎంతమందిమి కళ్లు మండుతున్నా నవ్వుతూ నిలబడ్డామో మనకే తెలుసు.

ఈ మాట ఒక సభలో అన్నప్పుడు ఒక అభ్యుదయ మిత్రుడు నాకు వర్గదృష్టి లేదన్నాడు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టి బతికే ఆడవాళ్ల నోటి దగ్గరి కూడు తీస్తున్నానట. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్కగట్టే ఆ పనిలో, ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చునే ఆమె కూడా పొగాకు దుమ్మే పీలుస్తోంది. ఆమెకి దగ్గిన కూలీ, వేరే పనికి దారి, ముసలితనంలో ఆధారం కావాలి. ఆ మాటలేవీ అతను ఎత్తలేదు. ఆమె తరఫున అంత ఆవేశంగా మాట్లాడుతున్నప్పుడు అతని వేళ్ల మధ్య వెలుగుతున్నది బీడీ కూడా కాదు, మిషన్ మీద తయారైన ఫిల్టర్ సిగరెట్.