కోటాలు పెరిగినా మారని వాటాలు
ద్రవ్యనిధి సంస్కరణ - వర్ధమాన దేశాల నిరీక్షణ

అంతర్జాతీయ ద్రవ్యనిధి సభ్య దేశాల కోటాలను 50 శాతం పెంచాలని ఆ సంస్థ గవర్నర్ల మండలి 2023 డిసెంబరులో తీర్మానించింది. అయితే ఈ పెంపుదలను అన్ని దేశాలకు ఒకే నిష్పత్తిలో నిర్ణయించినందున వాటాలలో ఎట్టి మార్పూ లేదు. వాటాల పునర్వ్యవస్థీకరణ 17వ సమీక్షకు వాయిదా పడింది. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ సంస్కరణను కోరుతున్న వర్ధమాన దేశాల అసంతృప్తికి మూలం ఇదే.

కోటాయే కొలమానం

1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాల ప్రతినిధులు సమావేశమై ద్రవ్యనిధికి, ప్రపంచ బ్యాంకుకు రూపకల్పన చేశారు. స్వాతంత్ర్యానికి పూర్వమే భారతదేశం కూడా ఆ సమావేశంలో పాల్గొన్నది. ద్రవ్యనిధికి ఒక దేశం చెల్లించవలసిన చందా, దాని ఓటు బలం, పొందగల రుణ పరిమితి ప్రధానంగా కోటాపైననే ఆధారపడి ఉంటాయి. కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు అవసరం. అమెరికాకు సుమారు 16.5 శాతం ఓట్లు ఉన్నందున ఆ దేశం సమ్మతించనిదే ఏ ప్రధాన మార్పూ సాధ్యం కాదు. 140 కోట్లకు పైగా జనాభా గల భారతదేశపు కోటా 2.75 శాతం మాత్రమే.

ఈ అసమానత ఫలితం 2021 ఆగస్టులో స్పష్టమయింది. కోవిడ్ సంక్షోభ సమయంలో ద్రవ్యనిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక ఉపసంహరణ హక్కులను కోటాల ప్రకారం పంపిణీ చేసింది. ఆఫ్రికా ఖండంలోని దేశాలన్నింటికీ కలిపి దక్కినది సుమారు 3,300 కోట్ల డాలర్లు కాగా, ఒక్క అమెరికాకే 11,000 కోట్ల డాలర్లకు పైగా లభించింది. అవసరం ఒకచోట, కేటాయింపు మరొకచోట అన్నట్లయింది.

జాప్యానికి మూల్యం

వాటాల మార్పు అసాధ్యమేమీ కాదు. 6 శాతానికి పైగా కోటా వాటాలను వర్ధమాన దేశాలకు బదలాయించేందుకు 2010 డిసెంబరులో అంగీకారం కుదిరింది. దీనితో భారతదేశం తొలి పది పెద్ద వాటాదారులలో ఒకటయింది. కానీ అమెరికా కాంగ్రెస్ ఆమోదం 2015 డిసెంబరులో గాని లభించకపోవడంతో అది 2016 జనవరిలో మాత్రమే అమలులోకి వచ్చింది.

రుణ పరిష్కారంలోనూ ఇదే జాప్యం. 2020 నవంబరులో జాంబియా విదేశీ బాండ్ల చెల్లింపులో విఫలమయింది. జి-20 ఉమ్మడి విధానం కింద దరఖాస్తు చేసుకున్నప్పటికీ, రుణదాత ప్రభుత్వాలతో అవగాహన 2023 జూన్‌లో, బాండ్ల పునర్వ్యవస్థీకరణ 2024లో జరిగాయి. ఈ నిరీక్షణ కాలంలో నష్టపోయేది పాఠశాలలు, ఆసుపత్రులకు చేరవలసిన నిధులే.

భారతదేశ అనుభవం

రుణగ్రహీతగా, సహాయకారిగా రెండు పాత్రలనూ భారతదేశం నిర్వహించింది. 1991 విదేశీ చెల్లింపుల సంక్షోభంలో సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద కుదువపెట్టింది. ద్రవ్యనిధి రుణాలను 2000 సంవత్సరానికి పూర్తిగా తీర్చివేసింది. 2022లో సంక్షోభంలో చిక్కుకున్న శ్రీలంకకు సుమారు 400 కోట్ల డాలర్ల మేరకు తోడ్పడింది. 2023లో భారత్ అధ్యక్షతన జరిగిన న్యూఢిల్లీ సదస్సులో ఆఫ్రికా సమాఖ్యకు జి-20 శాశ్వత సభ్యత్వం లభించింది. 2024 నవంబరులో ద్రవ్యనిధి కార్యనిర్వాహక మండలిలో సహారా దిగువ ఆఫ్రికాకు మూడవ స్థానం ఏర్పడింది.

ఇవి ఆహ్వానించదగిన పరిణామాలు. అయితే స్థానం లభించినంత మాత్రాన ఓటు బలం పెరగదు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల సాధనకు ఏటా సుమారు 4 లక్షల కోట్ల డాలర్ల కొరత ఉన్నదని 2025లో స్పెయిన్‌లోని సెవిల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు గుర్తించింది. ఈ కొరతను పూడ్చడానికి నిధులతో పాటు, వాటి పంపిణీని నిర్ణయించే అధికారంలోనూ సముచిత భాగస్వామ్యం అవసరం. వాటాల సవరణ, రుణ పరిష్కారానికి నిర్ణీత గడువు - ఈ రెండింటిలో సాధించే పురోగతే సంస్కరణల చిత్తశుద్ధికి గీటురాయి కాగలదు.