మతిమరుపును వేళాకోళం చేయకండి

మతిమరుపు అంటే మనకు నవ్వులాట. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మామగారి మీద, పొయ్యి మీద పాలు మరిచిపోయే కోడలి మీద ఎన్ని జోకులో! కానీ రోజూ తప్పకుండా మందు వేసుకోవలసిన మనిషికి అదే మతిమరుపు వస్తే నవ్వగలమా?

మా నాచారం పారిశ్రామికవాడలో టిఫిన్ డబ్బాలు పట్టుకుని షిఫ్టులకు పరుగులు తీసే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. వాళ్లలో ఒకామెకు భర్త పోయాకే తనకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసింది. "అక్కా, గోలీ ఏసుకున్ననో లేదో యాదికుంటలేదు. మా అత్తేమో బేఫికర్‌గ ఉంటున్నవని తిడ్తది" అంది ఓ రోజు.

అది నిర్లక్ష్యమేనా? కాకపోవచ్చు. ఈ వైరస్ ఒంట్లో ప్రవేశించిన తొలి వారాల్లోనే మెదడుకూ చేరగలదు. మందులు లేని రోజుల్లో జబ్బు ముదిరిన వాళ్లకు తీవ్రమైన మతిభ్రంశం వచ్చేది. మంచి మందులు వచ్చాక అది అరుదైంది గానీ, కొందరిలో ఏకాగ్రత తగ్గడం, ఆలోచన మందగించడం, చిన్న చిన్న సంగతులు మరిచిపోవడం ఇప్పటికీ ఉంటోంది.

దానికి తోడు దొంగలా ఇంకో వైరస్ చేరితే ముప్పు పెరుగుతుంది. రక్తం, సూదుల ద్వారా సోకే హెపటైటిస్ సి కాలేయాన్ని తినేస్తుంది. కాలేయం బాగా దెబ్బతింటే రక్తంలోని మలినాలు పోక బుర్ర మసకబారుతుంది. ఈ రెండు వైరస్‌లూ కలిసి ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి మరింత తగ్గిందని చాలా పరిశోధనలు చెప్పాయి, అన్నీ ఒకేమాట చెప్పకపోయినా. మనలో చాలామంది ఒంట్లో చిన్ననాటి నుంచీ నిద్రపోయే సైటోమెగలో వైరస్ కూడా, రోగనిరోధక శక్తి బాగా పడిపోతే మేల్కొని కళ్లనూ మెదడునూ పట్టుకుంటుంది. అలాగని అందరికీ ఇలా జరుగుతుందని బెంగపడనక్కర్లేదు.

ఎందుకంటే చేయగలిగింది చాలా ఉంది. హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి ఒక్కరూ హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోవాలి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద వాటికి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత చికిత్స ఉంది. హెపటైటిస్ సి చాలామందికి మూడు నెలల మాత్రలతో నయమైపోతుంది. హెపటైటిస్ బి పూర్తిగా పోకపోయినా, హెచ్.ఐ.వి. మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ దాన్నీ అదుపులో పెడతాయి. అందుకే సొంత నిర్ణయంతో మందు మానకూడదు. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, దిగులు కమ్మినా మతిమరుపు రావచ్చు. అవీ చూపించుకోవాలి.

ఇంట్లో మనం చేయగలిగిందేమిటి? ఏడు గళ్ల మాత్రల డబ్బా ఒకటి కొని పెట్టండి. పొద్దుటి చాయ్ దగ్గరో, రాత్రి భోజనం దగ్గరో మందును ముడిపెట్టండి. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, ఆమెకు ఇష్టమైతే, ఇంట్లో ఒకరు తోడు వెళ్లి చూసినవి చెప్పండి. మరిచిపోయే మనిషికి తాను మరిచిపోయినవి గుర్తుండవు కదా!

గోప్యత భయంతో నోరు మెదపని ఆడవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఈ కారణంగా వివక్ష చూపడం తప్పు. అత్తింటి నుంచి వెళ్లగొట్టడానికీ వీల్లేదు. సలహా కోసం 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు బరువెంత, దగ్గుందా, జ్వరముందా అని అడుగుతారు. జ్ఞాపకం ఎలా ఉందని కూడా అడగాలి. వాళ్లు అడగకపోతే మనమే ముందుగా చెప్పాలి. ఇక ఇంట్లో ఉన్నవాళ్లం, తిట్టే ముందు ఒక్కసారి ఆగి, "ఎప్పటి నుంచి ఇలా ఉంటోంది?" అని అడిగితే ఎంత బావుంటుంది!