ఏ1 దాటని విదేశీ భాష!

బెజవాడలో జర్మన్, జపనీస్ శిక్షణకు గిరాకీ... పైమెట్లు ఎక్కించే విద్యాలయమే కరవు

విజయవాడ: బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వెంబడి ఒకప్పుడు టోఫెల్, జీఆర్ఈ శిక్షణ బోర్డులే కనిపించేవి. ఇప్పుడు వాటి పక్కన జర్మన్, జపనీస్ బోర్డులు వెలిశాయి. వారాల వ్యవధిలో తొలి స్థాయి, నెలల్లో ఉద్యోగ స్థాయి అంటూ ప్రకటనలు వెలువడుతున్నాయి. గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ, తెనాలి ప్రాంతాల నుంచి బీఎస్సీ నర్సింగ్, ఇంజినీరింగ్ పూర్తిచేసిన యువత వీటి మెట్లెక్కుతోంది. ఎకరం అమ్మి అమెరికా పంపిన తరం తరువాత, ఎకరం తాకట్టు పెట్టి జర్మనీ పంపే తరం వచ్చింది. అయితే ఈ ప్రయాణంలో విమాన టికెట్టు కన్నా, వీసా కన్నా ముందు దాటవలసిన గండం భాష. ఆ గండాన్ని దాటించే బాధ్యతను ఇక్కడి ఉన్నత విద్యా వ్యవస్థ భుజానికెత్తుకోలేదు. ఫలితంగా డబ్బు, వయసు రెండూ ఖర్చయ్యాక ఏ1 ధ్రువపత్రంతో ఆగిపోయే ప్రమాదం వెంటాడుతోంది.

ఈ మొగ్గుకు కారణాలు స్పష్టమే. అమెరికా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అంతకు ఏడాది ముందే, 2024 అక్టోబరులో, నిపుణులైన భారతీయులకు ఇచ్చే వీసాలను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ వెల్లడించింది. ఉద్యోగం వెతుక్కోవడానికి వీలు కల్పించే ‘అవకాశ కార్డు’ను ఆ దేశం 2024 జూన్ నుంచి అమలులో పెట్టింది. జపాన్ సైతం 2019లో నిర్దిష్ట నైపుణ్య కార్మికుల వీసాను తీసుకువచ్చి, 2021లో భారత్‌తో ఒప్పందం చేసుకుంది. రెండు దేశాల్లోనూ వృద్ధులు పెరుగుతున్నారు, చాకిరీ చేసే చేతులు తగ్గుతున్నాయి. కృష్ణా డెల్టాలో చదువుకున్న చేతులకు కొదవ లేదు. లేనిదల్లా మాటే.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఐరోపా భాషల అభ్యాసాన్ని ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లుగా విభజించారు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకోవడం, దుకాణంలో వస్తువు అడగడం వరకే. జర్మనీలో నర్సుగా నమోదు కావాలంటే సాధారణంగా బీ2 ఉండాలి. రోగి నొప్పి ఎక్కడుందో చెబితే గ్రహించాలి, వైద్యుడి ఆదేశం రాసుకోవాలి, విధుల మార్పిడి వేళ తోటి నర్సుకు అప్పగింతలు చెప్పాలి. ఒక్క మాట పొరపాటున వింటే ప్రాణం మీదకు వచ్చే పని అది.

జర్మన్ భాషా బోధనలో పేరున్న గోథే సంస్థ అంచనా ప్రకారం ఏ1 పూర్తికి 45 నిమిషాల పాఠాలు 80 నుంచి 200 వరకు పడతాయి. బీ1కు 350 నుంచి 650, బీ2కు 600 నుంచి 800 పాఠాలు కావాలి. దీనిని మన కళాశాలల కాలపట్టికతో పోల్చి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. ఐచ్ఛికాంశంగా వారానికి మూడు గంటలు, సెమిస్టరుకు 15 వారాలు చెప్పారనుకుందాం. రెండు సెమిస్టర్లకు 90 గంటలు, అంటే 120 పాఠాలు. విద్యార్థి ఏ1లోనే ఉంటాడు. ఇదే లెక్కన మూడేళ్లలో ఆరు సెమిస్టర్లూ మానకుండా చెప్పినా 270 గంటలు, 360 పాఠాలు. బీ1 గడప తొక్కినట్టు మాత్రమే. అమరావతి చుట్టుపక్కల ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇంజినీరింగ్ విద్యార్థులకు విదేశీ భాషను ఐచ్ఛికంగా పెట్టడం మంచిదే. కాని ఒకటి రెండు సెమిస్టర్ల ఐచ్ఛికాంశం రుచి చూపగలదే తప్ప కడుపు నింపలేదు.

జర్మనీలో ఆంగ్లంలోనే ఎంఎస్ చేయవచ్చు, భాషతో పనేమిటన్న వాదన ఒకటుంది. 2024-25 శీతాకాల సెమిస్టరులో అక్కడ భారతీయ విద్యార్థులు 59 వేల మందికి పైగా ఉన్నారు. విదేశీ విద్యార్థుల్లో వారిదే మొదటి స్థానం. ఆంగ్ల మాధ్యమ కోర్సులే చాలామందిని అక్కడికి రప్పించాయి. తరగతి గదిలో ఆంగ్లం సరిపోతుంది. చిన్న పట్టణంలో అద్దె ఇల్లు, పార్ట్‌టైం పని, చదువు తరువాత ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి జర్మన్ రానివాడి వరుస వెనుక ఉంటుంది. 2024 సెప్టెంబరు నుంచి వీసాకు ముందు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపాలన్న నిబంధన ఉంది. అంత డబ్బు పోగుచేసే కుటుంబం భాష కోసం ఒక్క ఏడాది కేటాయించడానికి మాత్రం వెనకాడుతోంది.

రష్యాలో వైద్య విద్యకు వెళ్లేవారిదీ ఇదే పరిస్థితి. విదేశీ ఎంబీబీఎస్ కనీసం 54 నెలలు, ఆంగ్ల మాధ్యమంలో ఉండాలని 2021 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పాఠం ఆంగ్లంలోనే. ఆస్పత్రి మంచం మీది రోగి మాత్రం రష్యన్‌లోనే మూలుగుతాడు.

మార్కుల భాష, మాటల భాష

ఈ తొందరకు మూలం ఇంటర్మీడియట్‌లో ఉంది. మన ఇంటర్ విద్యలో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకునేవారి సంఖ్య చూస్తే కాళిదాసు పొంగిపోవాలి. వారిలో ఎందరు రెండేళ్ల తరువాత ఒక శ్లోకాన్ని అర్థం చేసుకోగలరో అధ్యాపకులకు తెలుసు. మార్కులు వస్తాయన్నదే ఆ ఎంపికకు ప్రాతిపదిక. ఇంటర్ బోర్డు జాబితాలో ఫ్రెంచ్, అరబిక్ వంటి భాషలూ ఉన్నాయి. వాటినీ మార్కుల కొలతతోనే చూసే అలవాటు స్థిరపడింది. భాషను గైడు పుస్తకంలో చదివి పరీక్షలో దింపివచ్చిన విద్యార్థి, మొదటిసారి జర్మన్ పరీక్షలో ఎదుటి మనిషితో మాట్లాడవలసి వచ్చినప్పుడు తడబడటంలో వింత లేదు. గోథే బీ1, బీ2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు భాగాలు. ఒక్కో భాగంలో విడిగా నూటికి 60 రావాలి. రాతలో వచ్చిన తొంభై మాటలో వచ్చిన నలభైని కాపాడదు.

జపనీస్‌లో ఇబ్బంది వేరు. ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు స్థాయిల్లో జరిగే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. గుర్తులు పెట్టి ఉత్తీర్ణులు కావచ్చు. ధ్రువపత్రం చేతికి వచ్చాక, సంరక్షణ కేంద్రంలో వృద్ధురాలి ముందు నిలబడినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది.

తెలుగువాడికి ఉన్న వరం

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. జపనీస్ వాక్య నిర్మాణం ఆంగ్లానికి దూరం, తెలుగుకు దగ్గర. ‘నేను బడికి వెళ్తాను’ అన్న మాటను జపనీస్‌లో ‘వాతాషి వా గక్కో ని ఇకిమాసు’ అంటారు. గక్కో అంటే బడి, ‘ని’ అంటే మన ‘కి’. క్రియ చివరనే వస్తుంది, విభక్తి మాట వెనుకనే అంటుకుంటుంది. ఆంగ్లేయుడు తలకిందులుగా నేర్చుకోవలసిన క్రమం తెలుగు పిల్లవాడికి పుట్టుకతో వచ్చింది. కష్టమంతా లిపిలోనే ఉంది. నిత్య వ్యవహారానికి జపాన్ ప్రభుత్వం 2010లో ఖరారు చేసిన కాంజీ అక్షరాలు 2,136.

జర్మన్‌లోనూ కొన్ని దగ్గరి దారులున్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం పేరు విన్నవారికి విభక్తులంటే భయం ఉండనక్కర లేదు. జర్మన్ విభక్తులు నాలుగే. ‘ఎందుకంటే’ అని మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరకు పోతుంది. ఆంగ్లం నుంచి వచ్చినవారిని ఇది ముప్పుతిప్పలు పెడుతుంది, మనకు చివరి క్రియ కొత్త కాదు. జర్మన్‌లో ‘అమ్మాయి’ అనే మాట నపుంసక లింగమని వినగానే తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది అని ఒకే క్రియ వాడే భాష మాట్లాడుతూ ఆ నవ్వు నవ్వడమే విచిత్రం.

ఈ సౌలభ్యాలు అక్కరకు రావాలంటే పాఠం తెలుగు నుంచి మొదలు కావాలి. జరుగుతున్నది వేరు. తెలుగు పిల్లవాడికి జర్మన్ ఆంగ్లం ద్వారా చేరుతోంది. ఆంగ్లం బలహీనంగా ఉన్న నర్సింగ్ విద్యార్థిని రెండు పరాయి భాషల బరువును ఒకేసారి మోస్తోంది. పల్లె నుంచి వచ్చినవారు బీ1 దగ్గర వెనుదిరిగితే తెలివి చాలలేదని వారికి వారే సర్దిచెప్పుకుంటున్నారు. లోపం వారి తెలివిలో కాదు, పాఠం నడిచిన దారిలో ఉంది.

బందరు దుబాసీల నుంచి మాస్కో దాకా

పరాయి భాష ఈ గడ్డకు కొత్త కాదు. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, తరువాత 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు నెలకొల్పారు. కలంకారీ అద్దకాల బేరం కుదరాలన్నా, నవాబు కొలువులో అర్జీ పెట్టాలన్నా దుబాసీ ఉండాల్సిందే. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆ కోవలో అగ్రగణ్యులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి కర్నల్ మెకంజీకి అండగా నిలిచి దక్షిణాది చరిత్ర సామగ్రిని సేకరించారు. రామస్వామి 1829లో దక్కన్ కవుల జీవితాలను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు.

అటు తెల్లవారు చేసిన పని చూడాలి. తమ ఉద్యోగులు దేశభాషలు రాక ఇబ్బంది పడుతుంటే, 1812లో చెన్నపట్నంలో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పెట్టారు. మునుషీలను నియమించి, వ్యాకరణాలు రాయించి, పరీక్షలు పెట్టారు. అక్కడ అక్షరాలు దిద్దిన సి.పి. బ్రౌన్ మచిలీపట్నం, రాజమహేంద్రవరాల్లో కొలువు చేస్తూ చదువు కొనసాగించి నిఘంటువు దాకా ఎదిగారు. చివరకు లండన్‌లో తెలుగు ఆచార్యుడయ్యారు. ఓనమాల నుంచి ఆచార్య పీఠం దాకా మెట్లుంటే పరాయి భాష ఎంత లోతుగా పట్టుబడుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర లేదు. దాని వెనుక పాలన అవసరం ఉందన్నది వేరే మాట.

నిన్నమొన్నటి ఉదాహరణా ఉంది. విజయవాడ కేంద్రంగా విశాలాంధ్ర ప్రచురణాలయం సోవియట్ పుస్తకాలను తెలుగునాట ఊరూరా చేర్చింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో అనువాదకులుగా పనిచేశారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో ఆ పుస్తకాల రాక నిలిచింది. దానిని ఆదుకునే రష్యన్ బోధన ఇక్కడ వేళ్లూనుకొని ఉంటే ఒక ప్రచురణ సంస్థ మూతపడినంతనే వంతెన కూలేది కాదు.

విభజనతో దూరమైన మెట్లు

ఉమ్మడి రాష్ట్రంలో ఈ లోటు ఇంతగా కనిపించలేదు. హైదరాబాద్‌లో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ‘ఇఫ్లూ’ ఉండేది. అక్షరం ముక్క రానివారిని చేర్చుకొని ఫ్రెంచ్, జర్మన్, రష్యన్, స్పానిష్, అరబిక్, జపనీస్ భాషల్లో డిగ్రీ వరకు, ఆపై పీజీ, పరిశోధనల వరకు తీసుకుపోయే సంస్థ అది. 2014 విభజన తరువాత అది తెలంగాణలో ఉండిపోయింది. కేంద్రీయ సంస్థ కనుక ఆంధ్ర విద్యార్థికి తలుపులు మూసుకోలేదు. కాని ఇంటి పక్క విద్యాలయం పొరుగు రాష్ట్రపు విద్యాలయమైంది.

విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఐఐటీ, ఎన్ఐటీ, ఐఐఎం, ఎయిమ్స్, గిరిజన విశ్వవిద్యాలయం, పెట్రోలియం విశ్వవిద్యాలయం ఉన్నాయి. భాషల విశ్వవిద్యాలయం ఊసు లేదు. అప్పట్లో అడిగినవారు తక్కువ. పెనుకొండలో కొరియా కార్ల కర్మాగారం, శ్రీసిటీలో జపాన్ పరిశ్రమలు వచ్చిన తరువాతైనా ఆ లోటు గుర్తుకు రావాల్సింది. 2020 జాతీయ విద్యా విధానం కొరియన్, జపనీస్, జర్మన్, ఫ్రెంచ్ తదితర భాషలను ఉన్నత పాఠశాల స్థాయిలోనే అందించవచ్చని చెప్పింది. చెప్పేవారెవరన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. జర్మన్‌లో ఎంఏ చేసినవారిని తయారుచేయని చోట జర్మన్ బోధకులు ఎక్కడి నుంచి వస్తారు? శిక్షణ కేంద్రంలో చేరేముందు, పాఠం చెప్పేవారు ఏ స్థాయి పరీక్ష గట్టెక్కారో తల్లిదండ్రులు అడగాలి. బీ1 దగ్గర ఉన్నవారు బీ2 చెప్పలేరు.

గుంటూరు దారిలో 1976 నుంచి నాగార్జున విశ్వవిద్యాలయం, మచిలీపట్నంలో 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం ఉన్నాయి. పూర్తి విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడకుండా, ఈ రెండింటిలో ఒక్కో చోట ఒక్కో భాషకైనా సర్టిఫికెట్ నుంచి ఎంఏ దాకా తెగని మెట్ల వరుస కట్టవచ్చు. నర్సింగ్ నాలుగేళ్ల కోర్సులో మొదటి ఏడాది నుంచే రోజుకు ఒక గంట జర్మన్ ఉంటే, ఏడాదికి 200 పనిదినాలు లెక్కించినా పట్టా చేతికొచ్చే నాటికి 800 గంటలవుతాయి. పాఠాల్లో చెప్పాలంటే వెయ్యికి పైనే. బీ2కు కావలసినది అందులో ఇమిడిపోతుంది. కోర్సు అయ్యాక ఏడాది ఖాళీగా కూర్చుని, అప్పు చేసి, కంగారుగా నేర్చుకునే అవస్థ తప్పుతుంది. మద్రాస్ ఐఐటీ జర్మన్ పాఠాలు, కాన్పూర్ ఐఐటీ జపనీస్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని తెరపై చూపి, పక్కన మాట్లాడించే బోధకుడిని నిలబెట్టడానికి కోట్లు అవసరం లేదు.

జేఎల్‌పీటీ ఏటా జులై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. పరీక్ష కేంద్రం హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పడుతుంది. దివిసీమ నుంచి వెళ్లే అభ్యర్థి శనివారం మధ్యాహ్నానికే బస్సెక్కి బెజవాడ చేరి, రాత్రి రైలు కోసం ప్లాట్‌ఫాం మీద పుస్తకం తెరచి కూర్చోవాలి.