తుపాకీ నోట ఆత్మకథ

తొలి కృతితోనే ప్రసిద్ధుడైన కవికి రెండో కృతి గండమన్నది సాహిత్యలోకం ఎరిగిందే. న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ గృహసముదాయంలో పెరిగిన ర్యాపర్ నాస్ 1996 జూలైలో వెలువరించిన రెండో ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటెన్’ బిల్‌బోర్డ్ పట్టికలో అగ్రస్థానాన నిలిచినా, 1994 నాటి ‘ఇల్మాటిక్’ ముందు దిగదుడుపేనని పలువురు విమర్శకులు తేల్చేశారు.

అభియోగం ఎక్కువగా సంగీతం మీదే. పాత రికార్డులోని తునకను కత్తిరించి, తాళానికి అతికించి, మళ్లీ మళ్లీ తిప్పడాన్ని శాంప్లింగ్ అంటారు. మొదటి ఆల్బమ్‌లో గరుకుగా వినిపించిన ఈ పద్ధతి, ట్రాక్‌మాస్టర్స్ ద్వయం ప్రధాన నిర్మాతలుగా వచ్చాక నునుపెక్కి, ‘ది మెసేజ్’లో స్టింగ్ పాటలోని గిటారును, ‘స్ట్రీట్ డ్రీమ్స్’లో యురిథ్మిక్స్ బాణీని ఆశ్రయించింది. అరువు బాణీ మోజు తీరాక ఈ రెండో పాటలో మిగిలేది తక్కువేనని ఒప్పుకోవాలి.

పదరచన దగ్గర మాత్రం ఆ తీర్పు నిలవదు. ఫ్లో, అంటే తాళం మీద అక్షరాలు నడిచే తీరు, ఊపిరితో ముడిపడిన విద్య; వేదపదాలను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడుగా తిప్పి వల్లించే ఘనపాఠాన్ని కోనసీమ అగ్రహారాల్లో విన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు, కాకపోతే ఘనపాఠి అక్షరం మార్చకూడదు, ర్యాపర్ పాతది చెప్పకూడదు. తెలుగు పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరానికి కట్టుబడి ఉంటే, నాస్ ప్రాస పాదం నడుమ ఎక్కడో మొదలై తర్వాతి పాదంలోకి పొర్లుతుంది.

డీజే ప్రీమియర్ సంగీతం కూర్చిన ‘ఐ గేవ్ యూ పవర్’లో కథ చెప్పేది తుపాకీ. తాను ఎవరెవరి చేతులు మారిందో, ఎన్ని ప్రాణాలు తీసిందో చెప్పుకొచ్చి, విసిగి, ఒకనాడు పేలడానికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపుకే దాన్ని పట్టుకున్నవాడు ప్రాణం పోగొట్టుకుంటాడు. అచేతనానికి గొంతునివ్వడం కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చదివిన, ఘంటసాల గళంలో విన్న తెలుగువారికి కొత్త కాదు గాని, పువ్వు నిర్దోషి, తుపాకీ నేరంలో భాగస్వామి. పైగా కరుణశ్రీ పద్యాల్లోని కవి పూల మొర విని వట్టి చేతులతో వెనుదిరిగితే, నాస్ పాటలో ఆ గోడు శ్రోతకు తప్ప పట్టుకున్న చేతికి చేరదు. నేల మీద పడి ఇక విముక్తి దొరికిందనుకుంటున్న ఆ తుపాకీని పాట చివర మరొకడు వచ్చి తీసుకుంటాడు.