పొగ పరీక్షకు కావలసింది మరమ్మతు

సంపాదకులకు,

డీజిల్ బండి పొగ పరీక్ష నెగ్గాలంటే ట్యాంకులో మందు పోస్తే చాలన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. నల్లపొగ అంటే గాలి చాలక సరిగా కాలని డీజిలే. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, తర్వాత ఇంజెక్టర్లు. ఇంజన్ బాగా వేడెక్కాకే పరీక్షకు పెట్టాలి. బీఎస్-4 బండికి పొగ చిక్కదనం పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65.

పాత బళ్లకు పరీక్ష పూట ఇంజన్ ఇంధన పంపులో డీజిల్ తగ్గించి, సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్లీ పెంచే మెకానిక్కులున్నారు. ఇది క్షమించరాని పని. ఆ పొగ పీల్చేది వెనక స్కూటర్ మీద పిల్లల్ని బడికి తీసుకెళ్లేవాళ్లు! పైగా ఈ పరీక్షలో డీజిల్ బళ్ల నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవనే కొలవరు. మీ వ్యాసం ఆ ఊసే ఎత్తలేదు.

— ఒక పాఠకుడు, విజయవాడ